పొద్దున మానేసేవాడు, సాయంత్రం కాల్చేవాడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకి కూడా తెలియడానికి నువ్వు చెప్పింది ముందు నాలుగు ముక్కల్లో పెడతాను. ఊరు రాజాం, వయసు 34. ఫైనాన్సు కంపెనీలో వసూళ్ల ఉద్యోగం, బండి మీద చీపురుపల్లి వైపు ఊళ్లన్నీ తిరగాలి. 14 ఏళ్లుగా సిగరెట్లు, రోజుకి పది పన్నెండు. నాలుగుసార్లు మానేశావు, నాలుగుసార్లూ మళ్లీ మొదలైంది. పొద్దున పళ్లు తోముకుంటూ దగ్గినప్పుడు 'ఇవాళ్టితో సరి' అనుకుంటావు. సాయంత్రం ఆరున్నరకి టీ కొట్టు దగ్గర బండి దానంతటదే ఆగిపోతుంది. ఆరేళ్ల పాప తలమీద చెయ్యి పెట్టి ఒట్టేశావు, తొమ్మిదో రోజుకి ఆ ఒట్టు పోయింది. పెట్టె ఇప్పుడు బండి సైడు బాక్సులో దాస్తున్నావు. "నాలో ఇద్దరున్నారు సార్. ఒకడు మానేద్దామంటాడు, ఇంకొకడు కాల్చేదాకా ఊరుకోడు. ఇందులో నేనెవణ్ని? నాకు మనోబలం లేదా?" అని అడిగావు.

మనోబలం సంగతి ముందు తేల్చేద్దాం. ఎండలో పాతిక ఊళ్లు తిరిగి, మాటలు పడి, కిస్తీలు వసూలు చేసి, సాయంత్రానికి లెక్క అప్పజెప్పే మనిషికి మనోబలం లేదంటే నేను ఒప్పుకోను. అదీ కాక నీ ప్రశ్న చివర్లో ఒక మాట అని వదిలేశావు. మూడేళ్ల కిందట అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు 41 రోజులూ ఒక్కటి కూడా ముట్టలేదని, మాల తీసిన సాయంత్రమే మళ్లీ వెలిగించానని. నువ్వు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. నాకు మాత్రం నీ జవాబులో సగం అక్కడే కనిపించింది. దాని దగ్గరకి వస్తాను.

నా గురించి రెండు మాటలు. క్షయ నివారణ కార్యక్రమంలో చికిత్స పర్యవేక్షకుడిగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇరవై ఏళ్లు పనిచేశాను. అప్పట్లో మీ రాజాం కూడా శ్రీకాకుళం జిల్లాయే. టీబీ మందులు వేసుకుంటూ చుట్టా బీడీ మానలేక అవస్థపడేవాళ్లని వందలమందిని చూశాను. నేనూ 21 ఏళ్లు కాల్చి 2009లో మానేసినవాణ్ని. అంటే నువ్వు చెప్పే ఆ ఇద్దరూ నాకు బాగా ఎరిక.

ఆ ఇద్దర్నీ నేను మొదట చూసింది నాలో కాదు, మా నాయనమ్మలో. ఆవిడది కళింగపట్నం దగ్గర పల్లె. అడ్డచుట్ట తాగేది. ఈ తరం పిల్లలకి తెలియదేమో, అడ్డచుట్ట అంటే కాలే కొస నోట్లోపల పెట్టుకుని తాగడం. సాయంకాలం పెరట్లో రుబ్బురోలు మీద కూర్చునేది. చుట్ట వెలిగించుకుని, రెండు దమ్ములు మామూలుగా లాగి, నిప్పు బాగా అంటుకున్నాక గిర్రున తిప్పి లోపలికి పెట్టేసుకునేది. పెదాలు మూసుకునే ఉండేవి, పక్కనుంచి సన్నగా పొగ వచ్చేది. చుట్ట తియ్యకుండానే మాకు కథలు చెప్పేది, కోళ్లని అదిలించేది. ఆ నోటికి నిప్పు ఎలా తగలదా అని నేను వంగి వంగి చూసేవాణ్ని. గాలికి నిప్పు ఆరదనీ, చలికి నోరు వెచ్చగా ఉంటుందనీ, పొలాల్లో, సముద్రం ఒడ్డున పనిచేసే ఆడవాళ్లకి అలా అలవాటైందనీ పెద్దవాళ్లు అనేవారు. ఇది ఎంత పెద్ద అలవాటంటే, 1971లో వెలువడిన ఒక పరిశోధన కోసం మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు తెరిపించి అంగిళ్లు పరీక్షించారు. అడ్డపొగ తాగేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఆ వేడికీ పొగకీ అంగిట్లో తెల్లటి మచ్చలు వచ్చేవి, కొందరికి అవే క్యాన్సర్ అయ్యేవి.

మా నాయనమ్మ అంగిట్లోనూ ఆ తెలుపు ఉందని డాక్టరు చెప్పారు. ఆవిడ భయపడింది. చుట్టలున్న డబ్బా మా అమ్మ చేతికిచ్చేసింది. ఎనిమిది రోజులు ఆగింది. తొమ్మిదో రోజు సాయంత్రం రుబ్బురోలు మీద మళ్లీ పొగ. నాకు కోపం వచ్చి 'ఎందుకే మళ్లీ' అని అడిగాను. "ఏటి సేస్తాను బాబూ, దీపాలేల అయ్యేసరికి సెయ్యి కాళీగా అయిపోతంది. మీ తాత పోయిన కాడ్నుంచీ నాకు ఇదే తోడు" అంది. డబ్బా ఇచ్చేసినదీ ఆవిడే, వెతుక్కుని తెచ్చుకున్నదీ ఆవిడే. రెండూ మనస్ఫూర్తిగా చేసినవే. ఆ మాటలో ఏముందో నాకు అర్థం కావడానికి నేను మానేసేదాకా పట్టింది. ఆవిడకి పొగాకు మీద మోజుతో పాటు, దీపాలవేళ ఒక మనిషి లేని వెలితి ఉంది. మేమంతా చుట్ట లాక్కున్నాం. ఆ వేళకి ఆవిడ పక్కన వచ్చి కూర్చున్నవాళ్లు లేరు.

అందుకే నీలో సాయంత్రం మాట్లాడేవాణ్ని శత్రువు అనుకోకు. వాడి గొంతులో రెండు గొంతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి నికోటిన్‌ది. రెండోది నీదే, నిజంగా నీకు కావలసినదేదో అడుగుతున్న గొంతు. ఈ రెండిటినీ విడదీయడం రావాలి. విడదీయకుండా మొత్తంగా వాడి నోరు నొక్కాలని చూస్తే, నీకు కావలసినదాని నోరు కూడా నొక్కుతావు. అది ఊరుకోదు. నాలుగుసార్లు జరిగింది అదేనని నా నమ్మకం.

మొదట నికోటిన్ గొంతు సంగతి. పొగ పీల్చిన పది సెకన్లలోపే అది మెదడుకి చేరుతుంది. సుమారు రెండు గంటల్లో రక్తంలో సగానికి పడిపోతుంది. రోజూ కాల్చేవాడి మెదడులో నికోటిన్‌ని అందుకునే గ్రాహకాలు ఎక్కువైపోయి ఉంటాయి. అవి ఖాళీ అయ్యేకొద్దీ చిరాకు, అసహనం, పని మీద మనసు నిలవకపోవడం మొదలవుతాయి. అప్పుడు ఒకటి కాలిస్తే ఆ చిరాకు దిగుతుంది. నువ్వేమో 'టెన్షన్‌లో ఉన్నాను, సిగరెట్ కాపాడింది' అనుకుంటావు.

దీన్ని నీ ఉద్యోగంలోంచే చెప్తాను. వారం కిస్తీ కట్టిన రోజు సాయంత్రం ఆ ఇంట్లో ఎంత హాయిగా ఉంటుందో నువ్వు చూస్తూనే ఉంటావు. ఆ ఇల్లాలు ఊపిరి పీల్చుకుంటుంది, నీకు మంచినీళ్లిస్తుంది. ఆ హాయి నిజమైనదే. కానీ అప్పు తీరినందుకు వచ్చినది కాదు, వారం గడువు దొరికినందుకు వచ్చినది. ఆ గుబులు పెట్టింది కూడా ఆ అప్పే. సిగరెట్ ఇచ్చే నెమ్మది అచ్చం అలాంటిది, కాకపోతే కిస్తీ రెండు గంటలకోసారి. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 26 అధ్యయనాలని కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. మానేసినవాళ్లలో ఆందోళన, దిగులు, ఒత్తిడి, కాలుస్తూనే ఉన్నవాళ్లతో పోలిస్తే తగ్గాయని తేలింది. మొదటి వారాల్లో కాదు, అవి దాటాక. నీ సాయంత్రం మనిషి అసలు నమ్మనిది ఇదే. అందుకే వాడికి ఇది పదేపదే చెప్పాలి.

ఇంకొకటి గమనించు. రోజులో పన్నెండో సిగరెట్ రుచిగా ఉంటుందా? నాకు సగానికి సగం చేదుగానే ఉండేవి. అయినా చెయ్యి పోయేది. కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త దీని మీదే ఏళ్ల తరబడి పనిచేశాడు. ఒక వస్తువు ఇష్టంగా ఉండటం వేరు, అది కావాలని లాగడం వేరు, మెదడులో వాటి దారులు వేరు అని చూపించాడు. ఇష్టం చచ్చిపోయాక కూడా లాగుడు ఉండిపోతుంది. కాబట్టి 'అంత చెడ్డదని తెలిసీ ఇంకా నాకు ఇష్టమేనా, నేనేం మనిషిని' అని నిన్ను నువ్వు తిట్టుకోనక్కర్లేదు. నీకు ఇష్టం లేకుండానే చెయ్యి లేవగలదు.

ఇప్పుడు మాల సంగతి.

మన జిల్లాల్లో ఇది ఎంతమంది అనుభవమో చెప్పలేను. కార్తీకం రాగానే బడ్డీ కొట్టువాడికి సగం గిరాకీ పడిపోతుంది. రోజుకి రెండు పెట్టెలు ఊదేసేవాడు నల్లబట్టలు కట్టుకోగానే సిగరెట్ వైపు చూడడు. ఆ 41 రోజులూ నీలో ఇద్దరు మాట్లాడుకున్నారా? జ్ఞాపకం చేసుకో. మొదటి నాలుగైదు రోజులు తలనొప్పి, చిరాకు ఉండి ఉంటాయి, ఎందుకంటే శరీరం తన లెక్క తాను అడుగుతుంది. కానీ 'కాల్చనా వద్దా' అనే వాదన మాత్రం ఉండి ఉండదు. ఎందుకని? ఆ ప్రశ్నే మూసేశావు గనక. ఎవరైనా సిగరెట్ ఇవ్వబోతే 'మాలలో ఉన్నాను స్వామీ' అన్నావు, వాడు చెంపలేసుకుని వెనక్కి తీసుకున్నాడు. బతిమాలలేదు, ఎగతాళి చెయ్యలేదు. చన్నీళ్ల స్నానం, సాయంత్రం పూజ, భజన, నేలమీద పడక. సాయంత్రం ఆరున్నరకి నువ్వెక్కడున్నావు? టీ కొట్టు దగ్గర లేవు. పదిమంది స్వాములతో కలిసి దీపం ముందున్నావు. చేతికి పని ఉంది, వేళకి చోటు ఉంది, పక్కన మనుషులున్నారు. మా నాయనమ్మకి లేనివన్నీ నీకు ఆ 41 రోజులూ ఉన్నాయి.

మరి మాల తీసిన సాయంత్రమే ఎందుకు వెలిగించావు? నికోటిన్ అయితే కాదు. దాని లాగుడు మానిన రెండు మూడు రోజులకి బాగా పెరిగి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు దిగిపోతుంది. 41వ రోజుకి నీ ఒంట్లో దాని బాకీ దాదాపు చెల్లిపోయింది. వెలిగించింది వేరే కారణం. నువ్వు సిగరెట్‌ని మానలేదు, దాచుకున్నావు. 'మాల తీశాక' అని ఒక తేదీ రాసిపెట్టుకున్నావు. 41 రోజులు నిష్ఠగా ఉన్నందుకు బహుమానం ఇదేనని సాయంత్రం మనిషికి మాటిచ్చి ఉంచావు. వాడు ఆ మాట పట్టుకుని ఓపిగ్గా కూర్చున్నాడు, తేదీ రాగానే వసూలు చేసుకున్నాడు. మాల తీయగానే దీపమూ, వేళా, పక్కన స్వాములూ అన్నీ ఒక్కసారిగా పోయాయి, ఆరున్నర మాత్రం మిగిలింది.

ఇందులోంచి రెండు విషయాలు తీసుకో. ఒకటి, నీ శరీరం మానగలదు, ఇప్పటికే ఒకసారి మానింది. రెండోది, ఈసారి 'ఎప్పటిదాకా' అనే తేదీ ఉండకూడదు. ఆరున్నరకి మాత్రం చోటు చూపించాలి.

ఆ చోటు ఎలా కనిపెట్టాలి? నేను చేసింది చెప్తాను. జేబులో పట్టే చిన్న నోటుపుస్తకం ఒకటి కొన్నాను. మానేసే ముందు వారం రోజులు ఒక్కటి కూడా తగ్గించలేదు. కానీ వెలిగించే ముందు పుస్తకం తీసి రెండు ముక్కలు రాసేవాణ్ని: టైమెంత, వాడు ఏమన్నాడు. అంతే. మొదటి రోజు అంతా 'ఊరికే', 'అలవాటు' అని రాశాను. మూడో రోజుకి నిజాలు బయటికొచ్చాయి. పొద్దున లేవగానే కాల్చే దాని పక్కన 'ఒళ్లు అడిగింది' అని ఉంది. అది శుద్ధ నికోటిన్. పదకొండింటిది: 'పెద్దాఫీసరు ముందు నా మాట చెల్లలేదు'. భోజనం తర్వాతది: 'ఇది లేకపోతే భోజనం అయినట్టు ఉండదు'. అన్నిటికన్నా నన్ను ఆపేసింది సాయంత్రానిది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక కిల్లీ బడ్డీ, దాని గుంజకి కొబ్బరితాడు వేలాడుతుండేది, చివర ఎర్రగా రాజుకుంటూ. ఆ తాడు చేతిలోకి తీసుకుని, వెలిగించబోతూ, వదిలేసి పుస్తకం తీశాను. 'ఇంటికెళ్లేలోపు పది నిమిషాలు నన్నెవరూ ఏమీ అడక్కూడదు' అని రాశాను. రాశాక అక్కడే నిలబడిపోయాను. ఇరవై ఒక్క ఏళ్లు ఆ బడ్డీకి నేను కొనుక్కోవడానికి వెళ్లింది ఆ పది నిమిషాలని. ఆఫీసుకీ ఇంటికీ మధ్య నాకంటూ వేరే పది నిమిషాలు లేవు. సిగరెట్ చేతిలో ఉంటే ఎవరూ 'ఇక్కడెందుకు నిలబడ్డావు' అని అడగరు. ఊరికే నిలబడితే అడుగుతారు.

ఆ పది నిమిషాలు తప్పేం కాదు. ఆ కోరిక న్యాయమైనది. మానేశాక నేను దాన్ని వదులుకోలేదు. బడ్డీ దగ్గర ఆగకుండా నాగావళి వంతెన దాకా వెళ్లి, స్కూటరు స్టాండు వేసి, నీళ్లు చూస్తూ నిలబడేవాణ్ని. ఇంట్లో మీ వదినకి కూడా చెప్పేశాను, 'ఆరున్నర నుంచి ఆరు నలభై దాకా నాకు ఫోను చెయ్యకు' అని. ఆవిడ 'సిగరెట్ మానేస్తానంటే గంట తీసుకోండి' అంది. నీ పుస్తకంలో ఏముంటుందో నాకు తెలియదు. వసూళ్లలో పడిన మాటల అవమానం ఉండొచ్చు, ఒంటరితనం ఉండొచ్చు, వట్టి ఆకలి కూడా ఉండొచ్చు. మధ్యాహ్నం సరిగా తినకుండా తిరిగేవాళ్లకి సాయంత్రం లాగుడులో సగం ఆకలే, చాలామందిలో చూశాను.

పుస్తకం నిండాక ఒక తేదీ పెట్టుకో, ఆ రోజు నుంచి పూర్తిగా ఆపేయ్. కొంచెం కొంచెం తగ్గిస్తూ పోవడం కన్నా ఒక రోజు చూసుకుని ఒక్కసారిగా ఆపినవాళ్లే ఎక్కువమంది నిలబడ్డారని 2016లో వచ్చిన ఒక బ్రిటన్ పరీక్షలో తేలింది. నేను చూసిందీ అదే. తగ్గించుకుంటూ పోతే రోజూ పొద్దున 'ఇవాళ ఎన్ని' అనే బేరం ఉంటుంది. నీకు కష్టం ఆ బేరమే.

ఆపాక లాగుడు వస్తుంది, తప్పదు. వచ్చినప్పుడు వాదించకు. ఇది ముఖ్యం. 1987లో డానియల్ వెగ్నర్ అనే ఆయన కొందరిని కూర్చోబెట్టి తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దన్నాడు. వాళ్లు దాన్ని తోసెయ్యలేకపోయారు, అది మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. సిగరెట్ ఆలోచనని తోసెయ్యాలని చూస్తే అదే జరుగుతుంది. 'వద్దు వద్దు' అంటూ ఒక గంట కుస్తీ పడి, అలిసిపోయి వెలిగిస్తావు. నేను మనసులో వాడితో మూడే ముక్కలు అనేవాణ్ని: "విన్నానురా. కావాలంటున్నావు. ఇవ్వను." కారణాలు చెప్పేవాణ్ని కాదు. కారణం చెప్తే వాడు ఎదురు కారణం చెప్తాడు, వాడు నాకన్నా మంచి ప్లీడరు. ఒక్కొక్క లాగుడు కొద్ది నిమిషాలే ఉంటుంది, వాచీ పెట్టుకుని చూడు. ఆ కాసేపూ చేతికీ నోటికీ పని ఇవ్వు. వేయించిన శనగలు, ఉసిరి ముక్క, జీడిపప్పు, చన్నీళ్లు, ఏవైనా సరే. బండి మీద ఉంటే ఆపకుండా ముందుకెళ్లిపో.

వాడు చెప్పే వాక్యాలు కొన్ని అందరికీ ఒకటే. 'ఒక్కటే కదా.' 'ఫలానా తాత చుట్టలు తాగి తొంభై ఏళ్లు బతికాడు.' లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్త 1957లోనే దీని గురించి రాశాడు, అదీ సిగరెట్ కాల్చేవాణ్నే ఉదాహరణగా తీసుకుని. చెడ్డదని తెలిసీ చేస్తున్నప్పుడు మనసులో రెండు మాటలు ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడి భరించలేక మనిషి అలవాటు మార్చుకోవాలి, లేదా సర్దుబాటు మాటలు పుట్టించుకోవాలి. రెండోది సులువు. ఆ తాత కథ అలా పుట్టేదే. వాటిల్లో నిన్ను ఎక్కువ దెబ్బతీసేది 'పాడవాల్సింది ఇప్పటికే పాడైపోయింది' అనే మాట. దీనికి మాత్రం జవాబు తెలుసుకో. బ్రిటన్ డాక్టర్లని 50 ఏళ్లపాటు గమనించిన రిచర్డ్ డాల్ బృందం 2004లో లెక్కలు ఇచ్చింది. జీవితాంతం కాల్చేవాళ్లతో పోలిస్తే 60 ఏళ్లకి మానినవాళ్లకి సుమారు 3 ఏళ్లు, 50కి మానితే 6, 40కి మానితే 9, 30కి మానితే 10 ఏళ్ల ఆయుష్షు దక్కుతుంది. నీకు 34. పోయినదానికన్నా దక్కించుకోగలిగిందే చాలా ఎక్కువ.

ఒట్టు గురించి చెప్పకుండా ఉండలేను. పాప తలమీద ఒట్టు ఇంకెప్పుడూ వెయ్యకు తమ్ముడూ. నీ ప్రేమ నాకు అర్థమైంది, కానీ అది సాయం చెయ్యదు, గాయం చేస్తుంది. తొమ్మిదో రోజు నువ్వు కాల్చింది ఒక్క సిగరెట్. ఒట్టు లేకపోతే అది ఒక్క సిగరెట్‌గానే ఉండేది, మర్నాడు మళ్లీ మొదలుపెట్టేవాడివి. ఒట్టు ఉండబట్టి అది బిడ్డకి చేసిన ద్రోహం అయిపోయింది. ఆ రాత్రి పాప నుదురు ముట్టుకుని చూసుకున్నానని రాశావు, జ్వరం వచ్చిందేమోనని. అది చదివి నాకు కళ్లు చెమర్చాయి. ఆ భయాన్ని, ఆ సిగ్గుని దింపుకోవడానికి మర్నాడు ఎన్ని కాల్చావు? పద్దెనిమిది. చూశావా, సిగ్గు కూడా సిగరెట్టే అడుగుతుంది. నీ పొగ వల్ల పాపకి దగ్గో ఆయాసమో రావచ్చు, అందుకే ఇంట్లో కాల్చకూడదు. నీ మాట తప్పినందుకు మాత్రం పాపకి ఏమీ కాదు. ఈ రెండూ కలపకు.

నా ఉద్యోగంలో ఒక పెద్దాయన ఉండేవాడు, నెల్లిమర్ల వైపు. టీబీ మందులు సగంలో ఆపేశాడు. ఎందుకయ్యా అని ఇంటికెళితే తల దించుకున్నాడు. బీడీ మానేశానని మాతో చెప్పాడట, మానలేకపోయాడట, మళ్లీ అడిగితే అబద్ధం చెప్పాల్సి వస్తుందని మందుల కోసం రావడమే మానేశాడు. ఆ తప్పు నాది. ప్రతిసారీ 'ఇంకా కాలుస్తున్నావా' అని గద్దించి అడిగినవాణ్ని నేనే. ఆ తర్వాత ప్రశ్న మార్చుకున్నాను. 'ఈ వారం ఏ రోజు సులువుగా గడిచింది' అని అడిగేవాణ్ని. మనుషులు మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టారు. నీతో నువ్వు కూడా ఆ ప్రశ్నతోనే మాట్లాడు. మధ్యలో ఒకటి కాల్చేస్తే, 'అంతా పోయింది' అని పెట్టె కొనకు. పుస్తకం తీసి టైమెంత, వాడేమన్నాడు అని రాసి, తర్వాతిది కాల్చకు. నేను మూడోసారి ప్రయత్నంలో నిలబడ్డాను, ఆ మూడోసారిలో కూడా రెండు సిగరెట్లున్నాయి.

మందుల సంగతి చాలామంది పౌరుషానికి పోయి వద్దంటారు. అది సరికాదని నా గట్టి అభిప్రాయం. నికోటిన్ గొంతుని మందుతో తగ్గిస్తేనే నీ అసలు గొంతు నీకు వినపడుతుంది. మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ చూయింగ్ గమ్ దొరుకుతుంది. దాన్ని మామూలు గమ్‌లా గబగబా నమలకూడదు. మెల్లగా నమిలి, కారంగా చురుక్కుమనగానే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి ఆగాలి. చురుకు తగ్గాక మళ్లీ నాలుగు నములు. అలా అరగంట. గబగబా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో మంట, అప్పుడు 'ఇది నాకు పడలేదు' అని పారేస్తారు. గమ్‌కి పావుగంట ముందునుంచీ టీ, కాఫీ, పులుపు తీసుకుంటే అది సరిగా ఒంటికి పట్టదు. నిద్రలేచిన అరగంటలోపే మొదటిది కాల్చేవాడివైతే నీ అలవాటు గట్టిది, గమ్ ఒక్కటే చాలకపోవచ్చు, డాక్టరుకి చూపించు. వరేనిక్లిన్, బుప్రోపియాన్ లాంటి మాత్రలు వాళ్లు రాస్తేనే వాడాలి. గుండెజబ్బు, షుగరు, ఫిట్స్, మనసుకి సంబంధించిన మందులు ఏవైనా ఉంటే ముందే చెప్పాలి, ఎందుకంటే పొగ మానాక కొన్ని మందుల మోతాదు మార్చాల్సి వస్తుంది. సిగరెట్ పెట్టె మీద ముద్రించే 1800-11-2356 నంబరు ప్రభుత్వానిది, ఉచితం. మానేయాలనుకునేవాళ్లతో మాట్లాడటానికే పెట్టారు.

టీ గురించి ఒక చిన్న సంగతి. పొగ తాగేవాడి ఒంట్లో కెఫీన్ తొందరగా కరిగిపోతుంది. మానేశాక అదే టీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. గుండె దడ, నిద్రపట్టకపోవడం వస్తే 'సిగరెట్ లేక పిచ్చెక్కిపోతోంది' అనుకుంటారు, అది టీ పని. రోజుకి ఆరు తాగేవాడివైతే మూడు చెయ్యి. మలబద్ధకం, నోట్లో పుండ్లు, కొన్నాళ్లు దగ్గు ఎక్కువవడం కూడా మామూలే, బెదరకు. దగ్గు వారాల తరబడి ఉన్నా, రక్తం పడినా మాత్రం వెంటనే కళ్లె పరీక్ష చేయించుకో. నా ఉద్యోగం నాచేత ఈ మాట అనిపించక మానదు.

ఇంట్లో నీ భార్యకి సైడు బాక్సు సంగతి చెప్పేయ్. ఆమెకి ఇప్పటికే తెలిసి ఉంటుంది, చొక్కా ఉతికేది ఆమే కదా. దాచడానికి పడే శ్రమ మిగులుతుంది. కాపలా కాయమని మాత్రం ఆమెని అడగకు.

2009 నుంచి ఇన్నేళ్లలో వాడు నాతో మాట్లాడటం పూర్తిగా మానలేదు. మొన్నటి ఏడు విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వెళ్లాను. ఆ జనంలో ఎవరో నా ముందు వెలిగించారు, పొగ ముఖానికి తగిలింది. 'ఒకటి' అన్నాడు. విన్నాను. ఎందుకురా అంటే, పొద్దున్నుంచీ నిలబడి కాళ్లు పీకుతున్నాయట. పక్కనున్న అరుగు మీద ఒకాయన జరిగి చోటిస్తే కూర్చున్నాను.

రేపు పొద్దున పుస్తకం కొను. ఈ వారం ఏమీ తగ్గించకు, రాయి. వచ్చే ఆదివారం రాత్రి అందులోంచి ఆరున్నర దగ్గర రాసినవి ఏడూ ఒకచోట పెట్టి చదువుకో, కుదిరితే నాకూ ఇక్కడ రాయి. సాయంత్రం వాడు నిజంగా ఏం అడుగుతున్నాడో చూసి, దానికి ఎక్కడ చోటు చూపించాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం. తేదీ ఆ తర్వాత పెట్టుకుందాం.